రెండడుగుల మూడంగుళాల తడి

8 సెప్టెంబర్ 2016, గురువారం

డెబ్బై ఐదేళ్ళలో నేనెప్పుడూ డైరీ రాయలేదు. కొలతల పుస్తకాలు రాశాను, హాజరు పట్టీలు రాశాను, టౌన్ హాల్లో, అంటే మునిసిపల్ ఆఫీసులో, ముప్పై నాలుగేళ్ళు ఇతరులు చెప్పినవి రాశాను. ఇవాళ ఇది మొదలుపెట్టడానికి కారణం ఒకటే. మా అక్క ఎవిస్ నన్ను ఒక ప్రశ్న అడిగింది. నేనిచ్చిన జవాబును మా ఆఫీసులో గుమాస్తా ఎవరైనా రాసి తెచ్చి ఉంటే, చించేసి మళ్ళీ రాయమనేదాన్ని.

జరిగింది జరిగినట్టు రాస్తాను. మధ్యాహ్నం మూడింటికి ఆమె ఉంటున్న వృద్ధుల హోముకు వెళ్ళాను. మనవరాలు కర్‌స్టీ కారులో దింపింది, పదకొండు నిమిషాలు ఆలస్యంగా. ఎవిస్ కిటికీ పక్క కుర్చీలో ఉంది. కాళ్ళు బాగా వాచాయి. గుండె క్రిస్మస్ దాకా ఆగితే గొప్పే అని డాక్టరు పోయిన నెల చెప్పాడు. ఆమెతో కూడా చెప్పాడట. "క్రిస్మస్ పుడ్డింగ్ నాకెప్పుడూ అరగదులెండి" అందట.

"బొమ్మ రైళ్ళ క్లబ్బు వాళ్ళు నన్ను ఇంకర్‌మన్ వీధి నమూనా కట్టిపెట్టమన్నారు" అన్నాను.

"మన వీధా?"

"మన వైపు వరస. పదిహేను నుంచి ముప్పై ఏడు దాకా బేసి నంబర్లు, పన్నెండు ఇళ్ళు. వాళ్ళ గూడ్సు యార్డు వెనక నిలబెడతారు. నవంబరు పన్నెండున ప్రదర్శన."

"ఒక్కో ఇల్లు ఎంతుంటుందే?"

"అగ్గిపెట్టె కంటే కాస్త వెడల్పు."

"అమ్మ ఉంటే ఎంత సంతోషించేదో. తడిగుడ్డ ఒక్కసారి విసిరితే వీధంతా అయిపోయేది" అంది. కాసేపు నవ్వింది, దగ్గింది. తర్వాత అడిగింది. "తడి కూడా పెడతావా?"

"అక్కడ ఏముందో అదంతా పెడతాను" అన్నాను.

తేదీలు ఒకచోట వేసి పెట్టుకోవడం నా అలవాటు.

జనవరి 19, 1966: ఎవిస్ కొడుకు నీల్, పద్నాలుగు నెలలవాడు, అమ్మ ఇంట్లో, 27వ నంబరు ముందుగదిలో చనిపోయాడు.

మార్చి 14, 1967: మునిసిపల్ ఇన్‌స్పెక్టర్ ఆ వీధి తనిఖీ చేశాడు. వెంట ఉన్న గుమాస్తాను నేను.

జూన్ 1967: పడగొట్టవలసిన ఇళ్ళ జాబితా లైబ్రరీ తలుపుకు అంటించారు. నం. 27, గోడల్లో తడి, నివాసానికి పనికిరాదు.

ఎవిస్ ఆ తలుపు ముందు నిలబడి చదివింది. "వాడి మంచం ఆ గోడకే కదే ఆనించాను" అంది. అంతకు రెండేళ్ళ ముందు ఆమె మొగుడు రెగ్ గుట్ట మీద కొత్త ఇల్లు సంపాదించాడు, స్నానాలగదితో సహా. అమ్మను ఒంటరిగా వదలనని ఎవిస్ వెళ్ళనంది. ఆ జాబితా వచ్చాక రెగ్ ఆమెను ఒక్క మాట కూడా అనలేదు. ఏడాది తిరక్కుండా వెళ్ళిపోయాడు. ఆమెకు మళ్ళీ పిల్లలు లేరు.

లైబ్రరీ దగ్గర అన్న ఆ మాట మళ్ళీ ఎప్పుడూ అనలేదు. ఇవాళ్టి దాకా తడి ఊసే ఎత్తలేదు.

10 సెప్టెంబర్, శనివారం

క్లబ్బు అధ్యక్షుడు డెనిస్ గ్రీన్‌వుడ్ వచ్చాడు. ముప్పై ఏళ్ళు సిగ్నల్ కేబిన్‌లో పనిచేసినవాడు. సిగ్నల్ చెయ్యి ఒక డిగ్రీ వంగితే భోజనం మానేస్తాడు, ఇళ్ళ విషయంలో మాత్రం ఏదైనా ఒకటే అతనికి. ఇటుకల అచ్చు వేసిన కాగితాల కట్ట తెచ్చాడు.

"ఇది లండన్ గోడ, డెనిస్."

"గోడకి కూడా యాస ఉంటుందా మిసెస్ సగ్డెన్?"

"ఉంటుంది. ఇక్కడ ఐదు వరసలు పొడవు ఇటుక, ఆరో వరస అడ్డ ఇటుక. మీ కాగితంలో ప్రతి వరసలోనూ ఒకటి పొడవు, ఒకటి అడ్డం. మా అమ్మ దీన్ని తన గోడని ఒప్పుకోదు."

"అమ్మగారు టికెట్ కొనుక్కుని వచ్చి ఫిర్యాదు చేస్తే అప్పుడు చూద్దాం లెండి."

కాగితాలు తిరిగి ఇచ్చేశాను. దళసరి అట్ట మీద సూదితో నేనే గీస్తాను. నాలుగు మిల్లీమీటర్లు ఒక అడుగు. ఒక్కో ఇంటి ముఖానికి అరవై ఎనిమిది వరసలు. ఇవాళ రెండు ఇళ్ళు పూర్తయ్యాయి. నాలుగు గంటల పది నిమిషాలు.

15 సెప్టెంబర్, గురువారం

ఎవిస్ నిద్రలో ఉంది. లేపకుండా వచ్చేశాను.

19 సెప్టెంబర్, సోమవారం

ఆఫీసు కొత్త భవనానికి మారినప్పుడు పాత కొలతల పుస్తకాలు పారేయబోతే నేను ఇంటికి తెచ్చాను. మెట్ల కింద అరలో వరస నంబర్లతో ఉన్నాయి. పద్నాలుగో పుస్తకం తీశాను. ఇంకర్‌మన్ వీధి, తొమ్మిది పేజీలు. ముఖం వెడల్పు, తలుపు ఎత్తు, కిటికీ గట్టు ఎత్తు, పొగగొట్టాలు, పెరట్లో మరుగుదొడ్డి దూరం. మోడలు కట్టేవాళ్ళు ఫొటోల మీద ఆధారపడి అంచనాలు వేస్తారు. నాకు అంచనాలు అక్కర్లేదు.

27. మిసెస్ ఎ. క్రాబ్‌ట్రీ. ముందు గోడ అడుగున తడి, లోపలా బయటా, 2 అడుగుల 3 అంగుళాల ఎత్తు.

అమ్మ పేరు ముందు మిసెస్ అని రాశాను, ఎవరో పరాయి మనిషైనట్టు. నా దస్తూరి అప్పట్లోనే బాగుండేది. ఇన్‌స్పెక్టర్ గోడకు చేతి వెనక భాగం ఆనించి, స్కేలు పెట్టి చెప్పాడు. నేను రాశాను. గోడ తడిగా ఉంది. ఉన్నది రాశాను. ఇందులో కలపవలసిందీ తీసేయవలసిందీ ఏమీ లేదు.

ముఖాలు ఎనిమిది అయ్యాయి.

29 సెప్టెంబర్, గురువారం

ఎవిస్ ఇవాళ హుషారుగా ఉంది. చూపిద్దామని 27వ ఇల్లు చాక్లెట్ల డబ్బాలో పెట్టి తీసుకెళ్ళాను. కప్పు ఇంకా వేయలేదు. అరచేతిలో పెట్టుకుని కళ్ళజోడు పైకి నెట్టి చూసింది.

"గడప అంచు పసుపు రంగు ఏదీ?"

"రంగులు ఇంకా వేయలేదు."

"మర్చిపోయేవు. పాతబట్టలు తీసుకుని బండివాడు ఇచ్చే, గడపకు రంగు రుద్దే రాయి మంచిదైతే ముదురు పసుపు, నాసిదైతే పాలిపోయి ఉండేది. అమ్మ వాడితో పోట్లాడి ముదురుదే తెచ్చేది. రోజూ పొద్దున్నే రుద్దేది. పోస్టుమాన్ దాని మీద కాలు పెట్టాడో, అయిపోయాడే."

"గుర్తుంది."

"పక్కింటి ఆగ్డెన్ ఆవిడ గుర్తుందా? ఆవిడ బొగ్గును కూడా కడిగాకే లోపలికి తెచ్చుకుంటుందని అమ్మ అనేది." ఇద్దరం నవ్వాం. ఎవిస్ వేలితో ముందు గోడ తడిమింది, కిటికీ కింద. "అంత కడుక్కునే వీధే అది. అయినా తడి లోపల్నించి వచ్చింది చూడు. కడిగితే పోయేది కాదది."

నేను వెళ్ళి ఇంకో కప్పు టీ అడిగి తెచ్చాను. ఆమె కప్పు సగం నిండే ఉంది.

4 అక్టోబర్, మంగళవారం

ఇళ్ళ పైకప్పులు, ముందు వాలు మాత్రమే: కప్పు పలకలు 3,216. పొగగొట్టాల దిమ్మలు ఆరు, రెండేసి ఇళ్ళకు ఒకటి. కుడి చేతి బొటనవేలు తెగింది, చిన్న గాటు.

12 అక్టోబర్, బుధవారం

డెనిస్ మళ్ళీ వచ్చాడు. ఇటుకల మీద మసి రంగు చూసి ఈల వేశాడు.

"ఇంక తడి వేసేయండి. గోడ అడుగున కాస్త ఆకుపచ్చ, కాస్త నలుపు. నిర్ణేతలు ముందు అదే చూస్తారు. లేకపోతే బొమ్మరిల్లు అంటారు."

"నేను అలా ఊహించి వేయను" అని పద్నాలుగో పుస్తకం తీశాను. 15వ ఇల్లు, 2 అడుగుల 3 అంగుళాలు. అంటే తొమ్మిది మిల్లీమీటర్లు. వేశాను. 17వ ఇల్లు, తొమ్మిది. 19వ ఇల్లు, తొమ్మిది. డెనిస్ బిస్కెట్లు తింటూ కూర్చున్నాడు. పన్నెండు ఇళ్ళకూ వేసి వరసగా చెక్క మీద నిలబెట్టాను. ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే గీత.

డెనిస్ నమలడం ఆపాడు.

"ఇది తడి కాదండీ."

"పుస్తకంలో ఉంది."

"ఉండొచ్చు. మా కేబిన్ గోడలో ముప్పై ఏళ్ళు చూశాను తడిని. అది రూళ్ళకర్ర పెట్టి గీసుకోదు. ఒకచోట పిక్క దాకా, ఇంకోచోట మోకాలి దాకా, గొట్టం కారేచోట నడుం దాకా ఎక్కుతుంది. ఇదేమో..." అని చెయ్యి చాచి గీత వెంబడి గాల్లో కదిపాడు. "పన్నెండు మంది ఆడవాళ్ళు మోకాళ్ళ మీద కూర్చుని, చెయ్యి అందినంత మేర ఒక్కసారే కడిగినట్టుంది."

"మీరు మీ సిగ్నళ్ళు చూసుకోండి డెనిస్" అన్నాను.

టీ తాగేసి లేచాడు. తలుపు దగ్గర "నొప్పించే మాటేదైనా అన్నానా?" అని అడిగాడు. లేదన్నాను.

13 అక్టోబర్, గురువారం

జలుబు. ఎవిస్ దగ్గరికి వెళ్ళలేదు.

జ్వరం చూసుకున్నాను, లేదు. జలుబు కూడా, నిజానికి, లేదు.

16 అక్టోబర్, ఆదివారం

రాయక తప్పదు.

1967 మార్చి 13, సోమవారం సాయంత్రం, ఆఫీసు నుంచి తిన్నగా అమ్మ ఇంటికి వెళ్ళాను. బయటికి చెప్పకూడని సంగతి, చెప్పాను. "రేపు మావాళ్ళు వస్తున్నారు. ఇళ్ళు చూసి, ఉంచాలో పడగొట్టాలో రాసుకుంటారు. శుభ్రంగా ఉండాలి అమ్మా."

"నా ఇల్లెప్పుడు శుభ్రంగా లేదో చెప్పు" అంది అమ్మ. అయినా చేతులు పైకి మడుచుకుంది. వెళ్ళి ఆగ్డెన్ ఆవిడకు చెప్పింది. ఆగ్డెన్ ఆవిడకు చెబితే ఇక వీధిలో ఎవరికీ చెప్పక్కర్లేదు. నేను బస్సెక్కే సమయానికి పన్నెండు గుమ్మాల ముందూ బకెట్లున్నాయి. సోడా నీళ్ళు, గట్టి బ్రష్షులు. లోపల బండలు, గోడలు, బయట గోడలు, కాలిబాట. మురికి ఇళ్ళవాళ్ళం కాదని టౌన్ హాలుకు తెలియాలి. పొద్దున్న కూడా ఇంకోసారి కడిగారట. మార్చి నెల. ఆ రోజంతా సన్నగా తుంపర. ఆరే దారి లేదు.

పదిన్నరకు ఇన్‌స్పెక్టరూ నేనూ వెళ్ళాం. ప్రతి ఇంట్లోనూ ఆయన కిటికీ గట్టు కింద చెయ్యి ఆనించాడు, తడి అన్నాడు. ప్రతి ఆడమనిషీ తలుపు దగ్గర చేతులు కట్టుకుని, పెదవులు బిగించి, గర్వంగా నిలబడింది. మా అమ్మ కూడా. 27లో ఆయన "రెండడుగుల మూడంగుళాలు, ఇందాకటిలాగే" అన్నాడు. గోడకు సోడా వాసన వస్తోంది. నాకు తెలిసింది. అప్పుడే, పెన్సిలు కాగితం మీద ఉండగానే తెలిసింది.

ఒక్క మాట చాలు. "సార్, నిన్న కడిగారు. వారం ఆగి చూద్దాం."

సొంత తల్లి ఇంటికి సిఫారసు చేసిందనిపించుకోకూడదని ఊరుకున్నానని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. ఆ మాట అబద్ధం కాదు. కానీ పూర్తిగా నిజమూ కాదు. పెరటి చివర మరుగుదొడ్డి ఉన్న వీధి అంటే నాకు సిగ్గు. పెళ్ళికి ముందు మా ఆయన లెస్లీ సగ్డెన్ వాళ్ళమ్మ నన్ను చూడటానికి ఎక్కడికి రావాలో అడిగిన ప్రతిసారీ మాట మార్చేదాన్ని. వేడినీళ్ళ కుళాయి ఉన్న ఫ్లాటులో అమ్మ సుఖంగా ఉంటుందనుకున్నాను. ఆ వీధి పోవాలని నాకే ఉంది.

పదకొండో అంతస్తులో ఫ్లాటు ఇచ్చారు. అమ్మ పంతొమ్మిది నెలలు బతికింది.

మూడు నెలల తర్వాత లైబ్రరీ తలుపు ముందు, నా పక్కనే, ఎవిస్ ఆ మాట అంది. అప్పుడైనా చెప్పవలసింది. చెబితే ఉద్యోగం పోయేది. చెబితే ఆమె తలమీద బరువు దిగేది. రెండూ తెలుసు నాకు. చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకెళ్ళాను, అంతే చేశాను.

20 అక్టోబర్, గురువారం

కర్‌స్టీ బూట్లతోనే తివాచీ మీదికి వచ్చింది. బయటికి పంపి మళ్ళీ రమ్మన్నాను. ఇవాళ మోకాలు నొప్పి, రానన్నాను.

"పోయిన వారం జలుబు. ఈ వారం మోకాలు. వచ్చే వారం ప్లేగా?"

"మాట జాగ్రత్త."

కూర్చుంది. కారు తాళాలు చేతిలో తిప్పుతూ ఉంది. "ఎవిస్ నిన్న ఫోన్ చేయించింది నాకు. నువ్వు పిల్లల వార్డులో నర్సువి కదా, తడి ఇంట్లో చంటిపిల్లాడికి ఎన్నాళ్ళలో జబ్బు పట్టుకుంటుంది అని అడిగింది. ఒక్క చలికాలం ముందే తీసుకెళ్ళిపోయి ఉంటే బతికేవాడా అని. యాభై ఏళ్ళ నుంచి అడగాలనుకుంటోందట, ఇప్పుడు టైము లేదట." తాళాలు తిప్పడం ఆపింది. "నేనేం చెప్పాలి అమ్మమ్మా?"

"ఏమీ చెప్పకు."

"ఏదో ఒకటి చెప్పాలి కదా."

"నేను చెబుతాను. వచ్చే గురువారం. ఆలస్యం చేయకుండా రా."

27 అక్టోబర్, గురువారం

కర్‌స్టీ ఆరు నిమిషాలు ముందే వచ్చింది. హోములో గది బయటే ఉండమన్నాను.

ఎవిస్ మంచంలో ఉంది, ఇక కుర్చీలో కూర్చోవడం లేదు. చెప్పవలసింది ముందే కాగితం మీద రాసుకున్నాను, వరస తప్పకూడదని. కాగితం సంచిలోంచి తీయలేదు.

"మార్చి పద్నాలుగున గోడ తడిగా ఉన్నమాట నిజమే. కానీ అది ఇంటి తడి కాదు ఎవిస్. అమ్మ కడిగిన తడి. వీధంతా కడిగిన తడి. ముందురోజు వెళ్ళి కడగమని చెప్పింది నేనే."

ఆమె కిటికీ వైపు చూస్తూ వింది. అంతా చెప్పేదాకా అడ్డురాలేదు.

"అంటే గోడ పొడిగా ఉందా?"

"పొడిగానే ఉంది."

"నీల్ ఉన్నప్పుడు?"

"ఉన్నప్పుడూ పొడిగానే ఉంది. పెళ్ళయ్యేదాకా ఆ గోడ పక్కనే పడుకున్నాను నేను. వేసవిలో దాని సున్నం చేతికి అంటుకునేది."

"నీకెప్పుడు తెలిసింది?"

"రాస్తుండగానే."

"లైబ్రరీ దగ్గర నేనామాట అన్నప్పుడు?"

"తెలుసు."

"నోరు మూసుకున్నావు."

"మూసుకున్నాను."

ఏడుస్తుందనుకున్నాను. లేదా తిడుతుందనుకున్నాను. లేదా, దేవుడు నన్ను క్షమించుగాక, తేలికపడుతుందనుకున్నాను. దుప్పటి అంచు మడత పెట్టింది, విప్పింది, మళ్ళీ పెట్టింది.

"మరైతే వాడు దేనివల్ల పోయాడే?"

నా కాగితంలో ఆ ప్రశ్నే లేదు.

"తడి అనుకున్నాను" అంది. "నా తప్పే, కాదన్లేదు. కానీ దానికో పేరుండేది. తిట్టుకోవడానికి ఒక గోడ ఉండేది. ఇప్పుడు అది కూడా పట్టుకుపోతున్నావు."

"డాక్టరేమన్నాడు అప్పుడు?"

"ఊపిరితిత్తులు అన్నాడు. అన్నాడో, జాబితా చూశాక నేనే చేర్చుకున్నానో. కాగితాలన్నీ రెగ్ చూసుకున్నాడు. నేను చదవలేదు. చదవగలిగే స్థితిలో ఉన్నానా నేను?"

బయట వరండాలో ఎవరి ట్రాలీయో వెళ్ళింది.

"అమ్మకి తెలుసా?" అంది.

"నాతో ఎప్పుడూ అనలేదు. కానీ ఆ ఫ్లాటుకు వెళ్ళాక ఒక్క గోడ కూడా కడగలేదు."

ఎవిస్ కళ్ళు నా వైపు తిప్పింది. "అవును. కడగలేదు. ముసలితనం అనుకున్నాను." తర్వాత కళ్ళు మూసుకుంది. "వచ్చే గురువారం రాకు మ్యూరియల్."

"సరే."

"ఆ పై గురువారం సంగతి తెలీదు. నర్సుతో కబురు చేయిస్తాను. నువ్వు ఫోన్ చేయకు."

కర్‌స్టీ కారులో ఇంటికి తెచ్చింది. ఇంటి ముందు దిగాక, నేను తలుపు తాళం తీసేదాకా వెళ్ళకుండా చూస్తూ ఉంది.

28 అక్టోబర్, శుక్రవారం

జరగవలసినవి:

1. పన్నెండు ఇళ్ళ అడుగున వేసిన తడి గీత స్పిరిటుతో తుడిచేయాలి. ఇటుక గాట్లలో రంగు దిగి ఉంటే ఆ ముఖం మొత్తం తీసి మళ్ళీ గీయాలి. ప్రదర్శనకు పదిహేను రోజులు. చాలకపోతే వీధి వెళ్ళదు.

2. డెనిస్‌కు ఫోన్ చేయాలి. ఆయన చెప్పింది సరైనదేనని చెప్పాలి. ఎలా తెలిసిందో కూడా చెప్పాలి. బొమ్మరిల్లు అన్నా సరే, తడి వేయనని చెప్పాలి.

3. పద్నాలుగో పుస్తకంలో అసలు రాత కొట్టేయకూడదు. ఎదురు మార్జిన్‌లో ఎర్ర సిరాతో, పన్నెండు ఇళ్ళకూ విడివిడిగా: "ముందురోజు కడిగిన నీరు. గుమాస్తాకు తెలుసు." సంతకం, నేటి తేదీ. తర్వాత పుస్తకం టౌన్ హాలు రికార్డులకు ఇచ్చేయాలి. దాచుకోవడానికి అది నాది కాదు.

4. కర్‌స్టీకి అంతా చెప్పాలి, తను అడగకముందే. ఎవిస్ మళ్ళీ తనను ఏమైనా అడిగితే తనకు తెలిసింది తెలిసినట్టు చెప్పమనాలి.

5. నవంబర్ 3, గురువారం: వెళ్ళకూడదు. ఆమె వద్దన్నది కాబట్టి వెళ్ళలేదు అని ఇక్కడ రాయాలి. ఇంకే కారణమూ రాయకూడదు.

6. నీల్ మరణ ధ్రువపత్రం నకలు కోసం రిజిస్ట్రార్ ఆఫీసుకు దరఖాస్తు పెట్టాలి, ఇవాళే. పంపవలసిన చిరునామా హోముది, పేరు ఎవిస్‌ది. నా ఇంటికి రాకూడదు. దాన్ని ముందుగా నేను చదవకూడదు. ఆమె కవరు విప్పకుండా పక్కన పెట్టేస్తే, అందులో ఏముందని అడగకూడదు.